వలకి వెయ్యి కళ్లు... చట్టానికి ఎన్ని?

‘తండేల్’ సినిమా చూశారుగా? సముద్రం మీద గీత కనబడదు. కానీ దాటితే జైలు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్తాన్ వాళ్లకు చిక్కిన నిజం కథే ఆ సినిమాకి ఆధారం. వాళ్లలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చారు.

అది రెండు దేశాల మధ్య గీత. మన తీరంలోనే ఇంకో గీత ఉంది. దాని అవతల పరాయి దేశం లేదు, సైన్యం లేదు. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్లు, అంతే. ఆ గీతకి ఇవతల ఎవరు ఏ వల వెయ్యాలి అన్న గొడవలో 2022లో విశాఖపట్నంలో పడవలు తగలబడ్డాయి. 144 సెక్షన్ పెట్టారు. కొట్టుకున్నవాళ్లు శత్రువులేం కాదు, పక్కపక్క పేటల వాళ్లే.

చట్టం లేకపోవడం వల్ల వచ్చిన గొడవ కాదిది. చట్టం ఉంది. 1994 నుంచీ ఉంది. దాన్ని నీళ్ల మీద ఎవరు నిలబెట్టాలి అన్నదే ఇప్పటికీ తేలలేదు.

చెరువు లేని ట్యాంకు, సముద్రం లేని ఆఫీసు

రోజూ క్యాబ్‌లోనో బైక్ మీదో మాసబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ ఎక్కేవాళ్లలో చాలామంది కింద ఉన్న మత్స్య భవన్ బోర్డు చూసి ఉండరు. శాంతినగర్‌లో ఉంది. ఇప్పుడది తెలంగాణ మత్స్యశాఖ ఆఫీసు. రాష్ట్రం విడిపోకముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేపల పాలన కూడా ఇక్కడి నుంచే నడిచింది. అంటే శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఏ వల ఎక్కడ వెయ్యాలన్న ఫైళ్లు, సముద్రానికి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ వీధిలో కదిలేవి.

మాసబ్ ట్యాంక్ అన్న పేరులోనే చెరువుంది. కుతుబ్‌షాహీల కాలపు హయత్ బక్షీ బేగంని జనం ‘మా సాహెబా’ అనేవారు. ఆమె పేరు మీదున్న చెరువే మా సాహెబా ట్యాంక్. నోళ్లలో నలిగి మాసబ్ ట్యాంక్ అయింది. చెరువు పోయింది, ఆ జాగాలో చాచా నెహ్రూ పార్కు వచ్చింది. పేరొక్కటే మిగిలింది.

సముద్రాన్ని చూసే ఆఫీసులు హైదరాబాద్‌లో ఇంకా ఉన్నాయి. జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు మొదట్లో అమీర్‌పేటలో మైత్రీవిహార్ దగ్గర ఉండేది. ఇప్పుడు పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పక్కన ఉంది. ఎయిర్‌పోర్టుకి వెళ్లేటప్పుడు చేప ఆకారంలో కనబడి, అందరూ ఫొటో తీసుకునే బిల్డింగ్ అదే. ప్రగతినగర్ వైపు వెళ్తే ఇన్‌కాయిస్. సునామీ హెచ్చరికలు పంపే సంస్థగా మనకు తెలుసు. చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో మత్స్యకారులకు చెప్పేది కూడా అదే. సముద్రం పైనీటి వేడి, అందులోని నాచు ఆనవాళ్లు శాటిలైట్లతో చూసి, ఫలానా దిక్కున, ఇంత దూరంలో, ఇంత లోతున చేపలుండొచ్చని లెక్కగడతారు. ఆ సమాచారం తెలుగులో కూడా వెళ్తుంది.

అంటే చేప ఎక్కడుందో మన సిటీలో కూర్చుని చెప్పగలుగుతున్నాం. దాని మీద పడే వల ఎలాంటిదో మాత్రం చెప్పలేం. అసలు సమస్య అక్కడే మొదలవుతుంది.

వల అంటే ఫిల్టర్

వలకి కళ్లుంటాయి. దారాల మధ్య ఖాళీని మత్స్యకారులు కన్ను అంటారు. కన్ను పెద్దదైతే చిన్న చేప జారిపోతుంది. జారిపోయిన చేప పెరిగి, గుడ్లు పెట్టి, వచ్చే ఏడాదికి సముద్రాన్ని నింపుతుంది. కన్ను చిన్నదైతే పిల్లా పెద్దా అన్నీ వస్తాయి. వలల చట్టాలన్నిటికీ పునాది ఈ చిన్న లెక్కే.

ఇందులో ఒక ఇంజనీరింగ్ తిరకాసు కూడా ఉంది. ట్రాలర్ వెనకాల ఈడ్చుకెళ్లే వల చివర సంచీలాంటి భాగం ఉంటుంది. మామూలుగా దాని కళ్లు డైమండ్ ఆకారంలో ఉంటాయి. బరువు పడి వల సాగగానే ఆ కళ్లు మూసుకుపోతాయి. అంటే ఒడ్డున స్కేలు పెట్టి కొలిస్తే రూలు ప్రకారమే ఉన్న కన్ను, నీళ్లలో పనిచేసేటప్పుడు దాదాపు మూతపడుతుంది. చతురస్రం కన్ను అయితే లాగినా తెరుచుకునే ఉంటుంది. అందుకే ఆ సంచీ భాగానికి చతురస్రం కళ్లే వాడమని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, అంటే సిఫ్ట్, చెబుతూ వస్తోంది. దీని పరిశోధన కేంద్రం విశాఖలోనూ ఉంది.

ఇక విశాఖలో మంట రేపిన రింగు వల. ఇది గోడలాంటి పెద్ద వల. చేపల గుంపు కనబడగానే పడవ దాని చుట్టూ తిరుగుతూ వల దింపుతుంది. వల అడుగున వరసగా రింగులు, వాటిలోంచి ఒక తాడు ఉంటుంది. తాడు లాగితే అడుగు మూసుకుపోతుంది, చేతిసంచీ మూతి బిగించినట్టు. లోపలున్న గుంపు మొత్తం పైకి వచ్చేస్తుంది. కవళ్లు, కానాగంతలు లాంటి గుంపుగా తిరిగే చేపలకి ఇంతకంటే మెరుగైన వల లేదు. పక్కనే తెప్ప మీదో చిన్న పడవలోనో మామూలు వల వేసుకుని కూర్చున్నవాడికి ఇంతకంటే దడ పుట్టించే వలా లేదు. అతను వారం రోజులు పట్టాల్సిన చేప ఒక్క చుట్టులో పోతుంది.

విశాఖ మంటలు

ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు నీళ్లు సంప్రదాయ పడవలవి. మరపడవలైనా, రింగు వలలైనా ఆ గీత దాటి వెళ్లి వేటాడాలి. కాగితం మీద ఇంత సింపుల్.

2022 జనవరి మొదటి వారంలో విశాఖ తీరాన అది కాగితంగానే మిగిలింది. రింగు వలల పడవలు 8 కిలోమీటర్ల లోపే వేస్తున్నాయని పెదజాలారిపేట వైపు సంప్రదాయ మత్స్యకారులు నిలదీశారు. మేము గీత దాటే వేస్తున్నాం అన్నది వాసవానిపాలెం వైపు రింగు వలల వాళ్ల వాదన. మాటలు సముద్రం మీద గొడవ అయ్యాయి, గొడవ ఒడ్డున నిప్పు అయింది. పోలీసులు దిగారు. అప్పటి మత్స్యశాఖ మంత్రి సీదిరి అప్పలరాజు రెండు వర్గాలతో మాట్లాడారు. విషయం తేలేదాకా రింగు వలల వేట ఆపాలన్నారు. అదే ఏడాది గొడవ మళ్లీ రాజుకుంది.

ఇది విశాఖకే ప్రత్యేకం కాదు. 2020 డిసెంబరులో చీరాల దగ్గర వాడరేవు, కఠారివారిపాలెం మత్స్యకారులు కొట్టుకున్నది కూడా వల గురించే. ఒకరి వల కన్ను చిన్నదని ఇంకొకరి అభ్యంతరం.

ఇలాంటి వార్తల్లో ఒక పక్షాన్ని విలన్‌ని చేయడం తేలిక. కానీ రింగు వల కొన్నవాడు కూడా లక్షాధికారేం కాదు. వల, పడవ, ఇంజను అన్నీ లక్షల మీద మాట. ఎక్కువ భాగం అప్పు. నలుగురైదుగురు కలిసి పెట్టుబడి పెడతారు. వల ఒడ్డున ఆరేసి ఉన్నా వడ్డీ మాత్రం ఆగదు. నేను పెద్ద కన్ను వల వేసి పిల్ల చేపని వదిలేస్తే, పక్క పడవవాడు దాన్ని ఎత్తుకుపోతాడు అన్న భయం ఒకటి. ఆ భయం ఇద్దరిదీ, అందరిదీ. ‘అందరూ ఆపితే నేనూ ఆపుతా’ అని ప్రతివాడూ అనుకునే చోట ఎవరూ ఆపరు. ఆపించేవాడు మూడోవాడు కావాలి. ఆ మూడోవాడే ప్రభుత్వం. అతను రాకపోతే ఆ ఇద్దరూ ఒకరికొకరు పోలీసులు అవుతారు. పడవలు తగలబడటం అంటే అదే.

ఎనిమిది కిలోమీటర్లు ఎవరు కొలవాలి?

ఆర్కే బీచ్‌లో నీళ్ల అంచున నిలబడి సముద్రం వైపు చూడండి. నీళ్లు, ఆకాశం కలిసినట్టు కనబడే గీత ఎంత దూరం? భూమి గుండ్రంగా ఉండటం వల్ల, మామూలు ఎత్తు మనిషికి అది దాదాపు నాలుగున్నర కిలోమీటర్లే. 8 కిలోమీటర్ల గీత ఆ అంచుకి అవతల ఉంది. అవతల పడవ పైభాగం కనబడితే కనబడొచ్చు. అది 7 కిలోమీటర్ల మీద ఉందా, 9 మీద ఉందా అన్నది మాత్రం కళ్లతో తేలదు.

సరే, ఎవరో ఫోన్ చేసి చెప్పారనుకుందాం. గస్తీ పడవ గంటకి 15 కిలోమీటర్ల వేగంతో బయల్దేరితే 8 కిలోమీటర్లు వెళ్లడానికే అరగంట పైన పడుతుంది. తీరం వెంబడి ఎక్కడో ఇరవై కిలోమీటర్ల అవతల అయితే ఇంకా ఎక్కువ. ఈలోపు వల పైకి వచ్చేస్తుంది, పడవ నాలుగు అడుగులు అవతలికి జరుగుతుంది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టే.

పైగా సముద్రం మీద అధికారాలు కూడా పంచుకుని ఉన్నాయి. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా చేపల వేట రాష్ట్రం చేతిలో ఉంటుంది. ఆ తర్వాత 200 నాటికల్ మైళ్ల దాకా కేంద్రానిది. మత్స్యశాఖ, మెరైన్ పోలీసు, కోస్ట్ గార్డ్ ముగ్గురూ ఉన్నారు. కోస్ట్ గార్డ్‌కి దేశ భద్రత, ప్రాణాలు కాపాడటం ముందు. మెరైన్ పోలీసుకి స్మగ్లింగ్, చొరబాట్లు ముందు. వల కన్ను కొలిచే పని మత్స్యశాఖ ఇన్‌స్పెక్టర్ నెత్తిన పడుతుంది. ఆ ఇన్‌స్పెక్టరే సబ్సిడీ దరఖాస్తులు చూడాలి, తుఫాను వస్తే పడవల లెక్క తీయాలి, రొయ్యల చెరువుల సంగతీ చూడాలి.

ట్రాకర్ పెడితే సరిపోదా?

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే మాలాంటి వాళ్లకి వెంటనే తట్టే ఐడియా ఇది. ప్రతి పడవకీ ట్రాకర్ పెట్టి, 8 కిలోమీటర్ల దగ్గర జియోఫెన్స్ గీసేస్తే? లోపలికి వస్తే అలర్ట్ పోతుంది. డెలివరీ బాయ్ ఏ సందులో ఉన్నాడో చూడగలిగినప్పుడు పడవని చూడలేమా?

కొంతవరకు చూడగలం. ఆ పని మొదలైంది కూడా. ఇస్రో తయారుచేసిన టెక్నాలజీతో లక్ష పడవలకి ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు బిగించే 364 కోట్ల రూపాయల పథకాన్ని 2024 ఆగస్టులో ప్రధాని ప్రారంభించారు. యాప్ పేరు నభ్‌మిత్ర. సిగ్నల్ లేని చోట నుంచి కూడా ఆపదలో మెసేజ్ పంపొచ్చు, తుఫాను హెచ్చరిక అందుకోవచ్చు. సరిహద్దు దగ్గరైతే అలర్ట్ వస్తుంది. తండేల్ కథలోని పడవలకి ఇలాంటిది ఉండి ఉంటే ఎంత బాగుండేది.

సుప్రీంకోర్టు కూడా ఇదే దారి పట్టింది. రింగు వలకి అన్నలాంటి పర్స్ సీన్ వలని తమిళనాడు నిషేధిస్తే, కేసు ఢిల్లీ దాకా వెళ్లింది. 2023 జనవరి 24న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 12 నాటికల్ మైళ్లు దాటాకే వెయ్యాలి. వారానికి రెండే రోజులు, సోమవారం, గురువారం. ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా. పడవకి ట్రాకింగ్ ఉండి తీరాలి.

కానీ ట్రాకర్ చెప్పేది పడవ ఎక్కడుందో మాత్రమే. ఆ పడవలో ఏ వల ఉందో, దాని కన్ను ఎంతో ఏ శాటిలైటూ చెప్పదు. గీత లోపల ఉన్న పడవ వల వేస్తోందా, హార్బర్‌కి తిరిగొస్తోందా అన్నది వేగాన్ని బట్టి ఊహించాలి తప్ప రుజువు కాదు. డబ్బా కరెంటు తీసేస్తే అదీ లేదు. అన్నిటికంటే ముఖ్యం, అలర్ట్ మోగిన తర్వాత ఎవరు లేచి వెళ్తారు? మా ఉద్యోగాల్లో అందరికీ తెలిసిన సంగతే. రాత్రి రెండు గంటలకి అలారం మోగితే, డ్యూటీలో మనిషి లేకపోతే అది వట్టి శబ్దం.

పాటిస్తున్న చట్టం కూడా ఒకటుంది

మన మత్స్యకారులు చట్టాలు పాటించరు అనుకుంటే పొరపాటు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజులు మరపడవలు, ఇంజను పడవల వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ విరామం. ఆ రెండు నెలలు విశాఖ, కాకినాడ హార్బర్లలో పడవలు వరసగా కట్టేసి ఉంటాయి. అక్కడక్కడా ఉల్లంఘనలు ఉన్నా, మొత్తం మీద ఈ నిషేధం నిలబడింది.

వల రూలు నిలబడని చోట ఇది ఎందుకు నిలబడింది? రెండు కారణాలు కనబడతాయి.

ఒకటి, ఇది ఒడ్డునే కనబడుతుంది. హార్బర్‌లో పడవ ఉందా లేదా చూడటానికి సముద్రంలోకి వెళ్లక్కర్లేదు. పక్క పడవవాడు కూడా ఆగాడని ప్రతివాడికీ కంటికి కనబడుతుంది. ‘నేనాపితే వాడు పట్టేస్తాడు’ అన్న భయం ఉండదు.

రెండు, ఆగినందుకు డబ్బు వస్తుంది. నిషేధ కాలపు భృతి 2019లో 4 వేల నుంచి 10 వేలకి పెరిగింది. 2025 ఏప్రిల్‌లో 20 వేలు అయింది. రెండు నెలల సంసారానికి అది చాలదన్న మాట నిజమే. అయినా ‘ఊరికే కూర్చో’ అనడానికీ, ‘కూర్చో, ఇదిగో ఇంత’ అనడానికీ తేడా ఉంది. వేటకెళ్లి దొరికితే ఆ భృతి, డీజిల్ రాయితీ పోతాయన్న భయమూ పనిచేస్తుంది.

వలల రూలుకి ఈ రెండూ లేవు. అది సముద్రం మీద ఎవరికీ కనబడని చోట అమలు కావాలి. పాటించినవాడికి మిగిలేది నష్టం.

తాబేలు, అలివి వల

మన వలకి సంబంధించిన ఇంకో కథ ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లింది. రొయ్యల ట్రాలర్ వలల్లో సముద్ర తాబేళ్లు చిక్కుకుని ఊపిరాడక చచ్చిపోతాయి. తాబేలు బయటపడే ఇనుప చట్రం బిగించని దేశాల రొయ్యలు కొనం అని అమెరికా 1989లో చట్టం చేసింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ కలిసి కేసు వేశాయి, 1998లో తీర్పు వచ్చింది. అమెరికా ఆ చట్టాన్ని అమలు చేసిన తీరు తప్పన్నారు గానీ, తాబేళ్లని కాపాడటానికి అలాంటి షరతు పెట్టడమే తప్పని అనలేదు. 2019 నుంచి మన సముద్రంలో పట్టిన రొయ్యలకి అక్కడ తలుపులు మూసుకున్నాయి. చెరువుల్లో పెంచిన రొయ్యలకి ఆ ఇబ్బంది లేదు. ఆ చట్రాన్ని మన సిఫ్ట్ కూడా మన వలలకి సరిపడేలా తయారుచేసింది. అయినా 2025 మొదట్లో కాకినాడ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి, ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ విచారణకి ఆదేశించారు. పరికరం తయారవడం ఒకటి, పడవ ఎక్కడం ఇంకొకటి.

ఇక మాసబ్ ట్యాంక్ ఆఫీసు సొంత తలనొప్పికి వద్దాం. తెలంగాణకి సముద్రం లేదు, కానీ కృష్ణ ఉంది. కొల్లాపూర్, సోమశిల వైపు శ్రీశైలం వెనక జలాల్లో అలివి వలల పేరు ఏటా వార్తల్లో వినబడుతుంది. దోమతెరలాంటి కన్నుతో, చాలా పొడుగ్గా ఉండే వల అది. 2016 నుంచి తెలంగాణ ప్రభుత్వం చెరువుల్లో, రిజర్వాయర్లలో ఉచితంగా చేపపిల్లల్ని వదులుతోంది. అవి పెరగకముందే అలివి వల ఊడ్చేస్తే, జనం సొమ్ముతో వదిలిన పిల్లలు ఎండు చేపలై సంచుల్లో పోతాయి. స్థానిక మత్స్యకార సొసైటీల వాళ్లకి మిగిలేది ఖాళీ నీళ్లు. అధికారులు అప్పుడప్పుడూ వలలు పట్టుకుని తగలబెడతారు, మళ్లీ కొత్త వలలు వస్తాయి. ఉప్పునీళ్లయినా, మంచినీళ్లయినా కథ ఒకటే.

చట్టం ఒడ్డున నిలబడాలి

కేరళ ఒక తెలివైన పని చేసింది. 2015 నుంచి వల కన్నుతో పాటు చేప పొడవుకి కూడా రూలు పెట్టింది. కవళ్లు 10 సెంటీమీటర్ల కంటే, కానాగంత 14 సెంటీమీటర్ల కంటే చిన్నవి పట్టకూడదు. తర్వాత ఈ జాబితాలో డజన్ల కొద్దీ చేపలు చేరాయి. ఇందులో కిటుకు ఏంటంటే, సముద్రంలో ఏ వల వేసినా చేప ఒడ్డుకి రావాల్సిందే. ఒడ్డున స్కేలు చాలు. గస్తీ పడవ అక్కర్లేదు, శాటిలైట్ అక్కర్లేదు.

కేంద్రం 2025 నవంబరులో తెచ్చిన కొత్త నిబంధనల్లో కూడా ఇలాంటి ఆలోచన కనబడుతుంది. 12 నాటికల్ మైళ్లు దాటి వెళ్లే మరపడవలకి, పెద్ద ఇంజను పడవలకి ఆన్‌లైన్‌లో ఉచితంగా యాక్సెస్ పాస్ తీసుకోవాలి. ఎల్ఈడీ లైట్లతో వేట, రెండు పడవలు కలిసి ఒకే వల ఈడ్చడం నిషేధం. చేపల కనీస పొడవు కూడా రూల్లోకి వచ్చింది. అయితే ఇది దూరపు నీళ్లకి. విశాఖ గొడవ జరిగిన 8 కిలోమీటర్ల లోపలి నీళ్లు రాష్ట్రానివే. అక్కడ పని రాష్ట్రమే చెయ్యాలి.

ఏం చెయ్యొచ్చు? వల నీళ్లలో పడ్డాక పట్టుకోవడం కష్టం. షాపులో అమ్మేటప్పుడు పట్టుకోవడం తేలిక. చిన్న కన్ను వల అమ్మకం దగ్గరే ఆపాలి. హార్బర్‌లో బయల్దేరే ముందు వల కొలవాలి, తిరిగొచ్చాక చేప కొలవాలి. కొలిచేటప్పుడు రెండు పేటల పెద్దలూ పక్కన ఉండాలి, అప్పుడే ‘వాళ్లని వదిలేశారు’ అన్న మాట రాదు. అప్పు చేసి చిన్న కన్ను వల కొన్నవాడికి, పాతది ఇచ్చి పెద్ద కన్ను వల తీసుకునే దారి చూపించాలి. భృతికి డబ్బు దొరికినప్పుడు దీనికీ దొరుకుతుంది. పడవలు కాలాక పెట్టే పోలీసు పికెట్ల కంటే ఇది చవకే.

ఇక మన సంగతి. హైదరాబాద్‌లో చేప కొనేవాళ్లం కూడా ఈ గొలుసులో ఉన్నాం. రాంనగర్ మార్కెట్‌కి వెళ్లినా, యాప్‌లో ఆర్డర్ పెట్టినా, పిల్ల చేపకి గిరాకీ ఉన్నంతకాలం చిన్న కన్ను వలకీ గిరాకీ ఉంటుంది. కేరళ రూలు ఇక్కడ వర్తించకపోయినా, దాని స్కేలు మన దగ్గరే ఉంది. చేతిలో ఉన్న ఫోన్ పొడవు సుమారుగా 15, 16 సెంటీమీటర్లు. కొనబోయే కానాగంత పక్కన ఒకసారి పెట్టి చూడండి. ఫోన్ కంటే బాగా చిన్నగా ఉంటే, అది ఇంకా పెరగాల్సిన చేప అన్నమాట. ‘ఇంత చిన్నవి వద్దన్నా, పెద్దవి ఉంటే చూడు’ అని అమ్మే ఆయనకి చెప్పండి. పదిమంది అలా అంటే ఆయన హోల్‌సేల్‌లో అదే మాట అంటాడు. ఆ మాట హార్బర్ దాకా వెళ్లడానికి ఏ గస్తీ పడవా అక్కర్లేదు.